పాడని ప్లేటు

"పావుగంట టైమిస్తున్నాను. ఏదీ ముట్టుకోకూడదు" అన్నాడు సి.ఐ. శివరామకృష్ణ, గుమ్మానికి అడ్డంగా చెయ్యి చాపి.

"మీవాళ్ళు ముట్టుకోనిది ఇంకా ఏమైనా మిగిలిందా తమ్ముడూ?" అంటూ రాజ్యం ఆ చేతి కిందనుంచి వంగి లోపలికి వెళ్ళిపోయింది.

వెనకాల ఉన్న కానిస్టేబులు నవ్వు ఆపుకోలేక దగ్గాడు. సి.ఐ. తిరిగి చూసేసరికి ఆ దగ్గు కూడా ఆగిపోయింది.

రాజ్యం ఒకప్పుడు పోలీసు డిపార్టుమెంటులో హెడ్ కానిస్టేబులు. ఇప్పుడు గుంటూరులో ఒక మేడ మీద రెండు గదులు తీసుకుని ప్రైవేటు డిటెక్టివ్ ఆఫీసు నడుపుతోంది. శివరామకృష్ణ కొత్తగా ఎస్సై అయి వచ్చినప్పుడు సాక్షిని ఎలా కూర్చోబెట్టాలో, ఎప్పుడు మంచినీళ్ళివ్వాలో, ఎప్పుడు నోరుమూసుకుని కూర్చోవాలో నేర్పింది ఆవిడే. ఆ సంగతి ఆయన మర్చిపోలేదు. మర్చిపోలేదు కనకనే ఆవిడంటే ఆయనకి పడదు.

వాడరేవులో, ఈ గదిలోనే, మొన్న సాయంత్రం యలమందయ్య శవం దొరికింది. డెబ్బై దాటిన మనిషి. పెళ్ళీ పిల్లలూ లేరు. వయసులో ఉండగా సరుకు ఓడల మీద వంటవాడిగా పనిచేశాడు. తోటివాళ్ళు రేవుల్లో దిగినప్పుడల్లా సెంటు సీసాలూ టెర్లిన్ గుడ్డలూ కొనుక్కొస్తే ఈయన గ్రామఫోను పాటల ప్లేట్లు కొనుక్కొచ్చేవాడు. అవి ఇంగ్లీషు పాటలు కూడా కావు. న్యూయార్కులో, పనామాలో, స్పానిష్ మాట్లాడే పేటల్లో అరవైల నాటి కుర్రకారు చిందులేసిన పాటలు. మాంబో అనీ, బూగలూ అనీ, లాటిన్ సోల్ అనీ, లాటిన్ జాజ్ అనీ ఆయనే చెప్పేవాడు. ఆ మాటలు తిన్నగా పలకడం ఈ చుట్టుపక్కల ఇద్దరికే వచ్చు. ఒకడు చచ్చిపోయాడు. రెండోవాడు చీరాలలో రేడియోలూ టేపురికార్డర్లూ బాగుచేసుకునే సిలార్. ఆ సిలారే హంతకుడని పట్టుకెళ్ళి లాకప్పులో కూర్చోబెట్టారు. రేపు పొద్దున్న కోర్టుకి పంపుతారు.

సిలార్ భార్య జైతున్‌బీ ఇప్పుడు గేటు బయట, గోడ నీడలో నిలబడి ఉంది. నిన్న గుంటూరు వచ్చి రాజ్యం ఆఫీసు మెట్ల మీద కూలబడి, "మా ఆయన ప్లేటునైనా అంచులు పట్టుకుని తప్ప ఎత్తడమ్మా. అట్టాంటోడు మనిషినెట్టా కొడతాడు?" అని ఏడ్చింది. ఆ ఒక్కమాట మీదే రాజ్యం ఈ కేసు ఒప్పుకుంది.

జైతున్‌బీ చంకలో ఏడాది నిండిన పిల్ల, పేరు షమా. ఎవరు కనబడినా చేతిలో ఉన్నది చాపి "ఇంద" అనడం దానికి కొత్తగా పట్టుబడిన విద్య. ఇందాక ఆటో దిగుతుంటే నోట్లో నానిన రస్కు ముక్క తీసి రాజ్యానికిచ్చింది. రాజ్యం తిన్నట్టు నటించి, పిల్ల మూతి తన చీరకొంగుతో తుడిచింది. కొంగుకి రస్కు తడితోపాటు నీలంగా ఏదో అంటింది. ఏ పిప్పరమెంటో అనుకుని ఊరుకుంది.

గదిలో గోడ పొడుగునా రెండు ఇనుప బీరువాలు. వాటినిండా ప్లేట్లు. ఒకదాని మీద ఒకటి పడెయ్యకుండా, పుస్తకాల్లాగా నిలబెట్టి, ఒక్కోదానికీ ఖాకీ కాగితం తొడుగు వేసి ఉన్నాయి. వేసవిలో ప్లేట్లు వంకరపోకుండా కిటికీకి తడిపి కట్టే గోనెపట్టా ఎండిపోయి వేలాడుతోంది. మూలన కుంకుడుకాయల డబ్బా, మెత్తటి బ్రష్షు. కుంకుడు రసంతో ప్లేట్లు కడిగి ఫ్యాను కింద ఆరబెట్టుకోవడం ముసలాయన పద్ధతట. ఒక బీరువా పక్కన ఎత్తుపీట తిరగబడి ఉంది. ఆ బీరువా కింది మూల మీద రక్తం నల్లగా ఎండిపోయింది.

"తల ఇక్కడే తగిలింది. తోసింది సిలార్" అన్నాడు సి.ఐ. "పొద్దున్నే ఇక్కడికొచ్చి నానా రభసా చేశాడు. ఎవడో విదేశంవాడు ఒక ప్లేటు కావాలని వీడికి ఈమెయిల్ పెట్టాడట. అమ్మేద్దామని వీడు, నా ప్రాణం పోయినా అమ్మనని ఆయన. వీధి వీధంతా విన్నారు. మధ్యాహ్నం ముసలాయన ఆ ప్లేటే పెట్టుకుని వింటుంటే వీడు మళ్ళీ వచ్చి లాక్కోబోయాడు. తోశాడు. ఇందులో డిటెక్టివులకి పనేముందక్కా?"

"డాక్టరేమన్నాడు?"

"దెబ్బ మూడు గంటల ప్రాంతంలో తగిలిందన్నాడు. వెంటనే పోలేదట. గంటసేపు ప్రాణం ఉందట." సి.ఐ. గొంతు కొంచెం తగ్గింది. "ఎవరైనా అప్పుడే ఒక్క కేకేసి ఉంటే బతికేవాడేనన్నాడు."

"మూడింటికి సిలార్ ఎక్కడున్నాడు?"

"సింగరాయకొండ వెళ్ళాడట. అక్కడెవరో పాత ఓడ మనిషి ఇంట్లో ప్లేట్లున్నాయని విన్నాడట. తీరా పోతే ఇల్లు తాళం వేసి ఉందట. ఎవరూ చూడలేదట. అన్నీ 'అట'లే. షాపు మాత్రం ఆ రోజంతా తెరవలేదు."

రాజ్యం రికార్డు ప్లేయరు ముందు గొంతుక్కూర్చుంది. అది నేలకి జానెడెత్తున్న ముక్కాలిపీట మీద ఉంది. ప్లేటు ఇంకా దానిమీదే ఉంది. చిన్న ప్లేటు, ఆకుపచ్చ లేబులు. నల్లటి ఒంటి మీద అడ్డదిడ్డంగా గీతలు.

"సాక్ష్యం కదలకూడదని నేనే అలా ఉంచమన్నాను. ఆ గొడవకి కారణమైన ప్లేటు అదే" అన్నాడు సి.ఐ., కాస్త గొప్పగానే.

"మంచిపని చేశావు తమ్ముడూ. ఎలీసమ్మని పిలిపించు."

ఎలీసమ్మ వసారాలోనే ఉంది. ఎండుచేపలు అమ్ముకుంటూ, పక్కింట్లోనే ఉంటూ, ముసలాయనకి రెండు పూటలా వండి పెట్టే మనిషి. శవాన్ని మొదట చూసింది ఆవిడే.

"నువ్వు సాయంత్రం తలుపు తీసేసరికి పాట వస్తోందా ఎలీసమ్మా?"

"పాటేడదమ్మా? మిషను తిరగతా ఉంది, కీచు కీచుమని. తలుపుసందున ఎలక నలిగినట్టు. ఆ ప్లేటు తిన్నగా తిరగట్లా, తాగినోడు నడిచినట్టు పక్కకి పక్కకి పోతా ఉంది. ఆపుదామని లోపలికొచ్చా. అయ్య కింద పడున్నాడు."

"మధ్యాహ్నం ఏమైనా వినబడిందా? మీ ఇల్లు గోడ అవతలేగా."

"అదేనమ్మా నాకూ ఇచిత్రం. రోజూ అన్నం తిన్నాక పెట్టుకునేవాడు. ఆ పాట ఏ బాసో నాకు తెలవదు, ఆ డప్పులు మాత్రం మొదలైనయ్యంటే, గంప నెత్తిమీదున్నా సరే నా కాళ్ళు నా మాటినవు. ఈయన కూడా లుంగీ ఎగ్గట్టుకుని లోపల ఒక్కడే అడుగులేసేవాడు. మేము తలుపుసందులోంచి చూసి నవ్వుకునేవాళ్ళం." ఆవిడ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఆ రోజు ఒక్కటీ పెట్టలా. గొడవైందిగదా, అలిగి పడుకున్నాడనుకున్నా."

"ఆ ముసలిదానికి చెవుడు" అన్నాడు సి.ఐ.

"నాకా చెవుడు? మీ జీపు సందు మలుపులో ఉండంగానే ఇనపడుద్దయ్యా నాకు. దాని బ్రేకులు బాగుచేయించుకోండి ముందు!"

కానిస్టేబులు మళ్ళీ దగ్గాడు.

రాజ్యం మిషను స్విచ్ వేసింది. ప్లేటు తిరిగింది. ఎలీసమ్మ చెప్పినట్టే తూలుతూ, ఓ పక్కకి జారుతూ తిరిగింది. ముల్లు దానిమీద ఆనగానే గదిలో అందరికీ పళ్ళు జివ్వుమన్నాయి. ఆపేసి, ప్లేటుని రెండు అరచేతుల మధ్య అంచులు పట్టి ఎత్తి సి.ఐ. ముఖం ముందు పెట్టింది. మధ్యలో ఉన్న పెద్ద బెజ్జంలోంచి ఆయన కళ్ళు రెండూ కనబడుతున్నాయి.

"ఈ బెజ్జం చూడు. బిస్కట్టు దూరేంత ఉంది. మిషను మధ్యలో ఉన్న పుల్ల చూడు. పెన్సిలంత ఉంది. దీన్ని దాంట్లో వేస్తే కుదురుగా ఎలా కూర్చుంటుంది? మధ్యలో ఒక బిళ్ళ లాంటిది పెట్టి, దానిమీద ప్లేటు తొడగాలి. ఇదిగో, రబ్బరు మీద పుల్ల చుట్టూ గుండ్రంగా మరక. ఏళ్ళ తరబడి ఇక్కడ ఒక బిళ్ళ కూర్చునేది. ఇప్పుడు లేదు."

శివరామకృష్ణ వంగి చూశాడు. మరక ఉంది.

"అంటే ఈ ప్లేటు పాడలేదు" అంది రాజ్యం. "యలమందయ్య పెట్టి ఉంటే బిళ్ళతో పెట్టేవాడు. సిలార్ పెట్టినా అంతే. ఈ మిషను బాగుచేసేదే అతను. పైగా ఏ ప్లేటు కోసం వీధినపడి అరిచాడో, దాన్నే గీతలు పడేటట్టు తిరగనిచ్చి పోతాడా? ముసలాయన పడిపోయాక ఇంకెవరో పెట్టారు. ఈ మిషను సంగతి తెలీనివాళ్ళు. పాట వినబడితే ఆయన బతికే ఉన్నాడని నలుగురూ అనుకోవాలని పెట్టారు. కుదర్లేదు."

సి.ఐ. ప్లేటు మీది గీతలు ఇంకోసారి చూశాడు. ఆయన తెలివితక్కువవాడు కాదు. అదే రాజ్యానికి ఆయనలో నచ్చేదీ, భయపెట్టేదీ.

"మరి బిళ్ళేది? గదంతా జల్లెడ పట్టాం. అలాంటిది దొరకలేదు."

"పెట్టినవాళ్ళే పట్టుకుపోయి ఉండాలి."

"ఎందుకు? అదేమిటో తెలీనివాళ్ళు, దాన్ని తీసేస్తే పాట రాదని తెలీనివాళ్ళు, పనిగట్టుకుని దాన్నే ఎందుకు పట్టుకుపోతారు?"

రాజ్యం మళ్ళీ ఆ మరక వైపు వంగింది.

"సరే, అది వదిలెయ్యండి. పెద్దవారు, మీరే చెప్పండి" అన్నాడు సి.ఐ. ఒక్కో మాటా నొక్కుతూ. "ఆ బిళ్ళ ఎవరి దగ్గర దొరికితే, ముసలాయన పడ్డప్పుడు ఈ గదిలో ఉన్నది వాళ్ళే. ప్రాణమున్న మనిషిని వదిలేసి పోయింది వాళ్ళే. అంతేనా?"

"అంతే. వాళ్ళే."

"ఏవయ్యా, విన్నావుగా" అన్నాడాయన కానిస్టేబులుతో. "రేపు మాట మారిస్తే సాక్ష్యానికి నువ్వున్నావు."

కేసు ఒప్పుకున్నాక మొదటిసారి రాజ్యానికి మనసు తేలికపడింది. బయటికొచ్చి జైతున్‌బీ భుజం మీద చెయ్యేసింది. "పిల్లని తీసుకుని ఇంటికెళ్ళు. నాలుగు మెతుకులు తిను. సాయంత్రానికి మంచిమాట చెబుతానేమో."

"ఏం దొరికిందమ్మా?"

"దొరకాల్సిందొకటి దొరకలేదు. అది చాలు."

జైతున్‌బీ ముఖంలో సంతోషమేమీ కనబడలేదు. చంక మార్చుకుని, పిల్ల తల తన భుజానికి ఆనించుకుని వెళ్ళిపోయింది. రాజ్యం అప్పుడు దాన్ని పట్టించుకోలేదు. అలిసిపోయిన పిల్లతల్లి అలాగే ఉంటుందనుకుంది.

*

లాకప్పులో సిలార్ గోడకి జారగిలబడి ఉన్నాడు. సన్నటి మనిషి. కుడిచేతి వేళ్ళు వాచి ఉన్నాయి. ఆ వేళ్ళని ఒళ్ళో పెట్టుకుని, అవి వేరేవాళ్ళవి అయినట్టు చూసుకుంటున్నాడు. సి.ఐ. తన గదిలోకి వెళ్ళి టీ తెప్పించుకుంటున్నాడు. ఆ గది తలుపు తీసే ఉంది.

"సిలార్, ఆ మిషను మధ్యలో పెట్టే బిళ్ళ సంగతి చెప్పు."

అతని ముఖం చటుక్కున వెలిగింది. వాచిన వేళ్ళ మాట కూడా మర్చిపోయాడు.

"కండె ముక్కమ్మా అది! అమెరికావోళ్ళు ప్లాస్టిక్‌వి చేస్తారంట, మనకెక్కడ దొరుకుతయి? మగ్గాలోళ్ళు పారేసిన, నూలు చుట్టే చెక్క కండె ఒకటి తెచ్చి, లావుగా ఉన్నచోట బిళ్ళలాగా కోసి, ఆకురాయితో అరగదీసి, మధ్యలో బెజ్జం పెట్టా. మూడు పాడైనాయి. నాలుగోది కుదిరింది. అది పెట్టి మొదటి పాట వేసినప్పుడు తాత నన్ను పట్టుకుని గదంతా తిప్పాడమ్మా. ఆయనకి కళ్ళు సరిగ్గా కనపడవు కదా, యాడన్నా పారేసుకుంటాడని పడవలకేసే నీలం రంగు పూశా. గంధపుచెక్క కంటే భద్రంగా చూసుకునేవాడు."

"ఏం రంగన్నావు?"

"నీలం."

రాజ్యం తల వంచుకుని తన చీరకొంగు చూసుకుంది. పొద్దుట అంటింది ఇంకా అక్కడే ఉంది. అది పిప్పరమెంటు మరక కాదు. గోటితో గీకితే ఊడింది. ఎండిన రంగు పెచ్చు.

దాన్ని వేలి కొన మీద అలాగే ఉంచుకుంది. అంగన్‌వాడీలో ఏ కుర్చీనో పిల్ల కొరికి ఉండొచ్చు. కిటికీ ఊచ కొరికి ఉండొచ్చు. లోకంలో నీలం రంగుకేం తక్కువ? ఇలా తనకి తానే చెప్పుకుంటూ, ఆ మాటల్లో ఒక్కదాన్నీ నమ్మలేకపోయింది.

"మిషను మీద ఏ ప్లేటుందమ్మా? ప్లేటు ప్లేటంటారు, ఏదో చెప్పరు" అన్నాడు సిలార్.

"ఆకుపచ్చ లేబులుది. మీరిద్దరూ గొడవపడ్డది."

"కాదే. అది కాదు."

"నా చేత్తో ఎత్తి చూశాను సిలార్."

"కాదమ్మా! అది అక్కడెట్టా ఉంటది? దాన్ని నేను..." అని ఆగిపోయాడు.

 ఏదో లెక్క అతని కళ్ళలో మొదలై, తప్పనుకుని మళ్ళీ మొదలై, మళ్ళీ అదే చోట ఆగడం రాజ్యం చూసింది. పాతికేళ్ళలో ఎందరి ముఖాలో చూసింది కానీ, ఒక మనిషి తన ఇల్లు కూలిపోవడం తన కళ్ళలోపలే చూసుకోవడం ఎప్పుడూ చూడలేదు.

"పొద్దున కోపంలో నువ్వే పట్టుకుపోయావు కదూ?" అంది గొంతు తగ్గించి. "ఇంట్లో పెట్టావు. సింగరాయకొండ పోయావు. నువ్వు తిరిగొచ్చేసరికి అది ఇంట్లో లేదు. చూసుకోలేదు నువ్వు."

సిలార్ చువ్వలు పట్టుకున్నాడు. "అమ్మా, మీకు దండం పెడతా. ఇక్కడితో ఆపెయ్యండి."

"సిలార్..."

"నా బిడ్డ ఇంకా పాలు తాగుతుందమ్మా."

ఆ మాట అని, రాజ్యం ఏదో అనేలోపే, లేచి నిలబడి స్టేషనంతా వినబడేట్టు అరిచాడు. "సార్! నేనే తోశా. తాతని నేనే తోశా. రాసుకోండి సార్!"

టీ గ్లాసు చేత్తో పట్టుకునే సి.ఐ. వచ్చాడు. ముందు సిలార్ని చూశాడు. తర్వాత రాజ్యాన్ని.

"ఇదేంటక్కా? మీరు పావుగంటలో విడిపించినవాణ్ణి వాడే ఇరికించుకుంటున్నాడు! ఏరా, బిళ్ళేదిరా?"

"సముద్రంలో ఇసిరేశా."

"ఎందుకురా?"

సిలార్ తల తిప్పుకున్నాడు. సి.ఐ. టీ చివరి గుక్క తాగి గ్లాసు బల్లమీద పెట్టాడు.

"మొన్నట్నుంచీ కొడుతుంటే చెయ్యలేదు చెయ్యలేదన్నవాడు, ఇప్పుడు ఎవరూ అడక్కుండా చేశానంటున్నాడు. అమాయకుడు ఉన్నట్టుండి నేరం నెత్తినేసుకుంటే వాణ్ణి వదిలేసి, వాడు ఎవరికోసం అబద్ధమాడుతున్నాడో వెతకమని నాకు ఎవరో నేర్పారు. గుర్తుందా అక్కా?"

రాజ్యం కొంగు నడుములో దోపుకుంది. చాలా మామూలుగా దోపుకున్నాననుకుంది. సి.ఐ. కళ్ళు ఆ చెయ్యితోపాటే కదిలాయి.

"నీ ఇంట్లో ఎవరెవరుంటార్రా సిలార్?" అన్నాడాయన మెత్తగా. అని, జవాబు కోసం ఆగకుండా డ్రైవర్ని కేకేశాడు.

జీపు రిపేరుకిచ్చి ఇంకా రాలేదని బయటనుంచి డ్రైవరు అరిచాడు. రాజ్యం అప్పటికే మెట్లు దిగి ఆటో ఎక్కుతోంది.

*

సిలార్ ఇల్లు చీరాలలో, మగ్గాల సందు చివర. ముందు గదిలో విప్పిపెట్టిన రేడియోలు, వైర్ల చుట్టలు. వాటి మధ్య చాప మీద షమా కూర్చుని, రెండు చేతులతో ఏదో పట్టుకుని చిగుళ్ళకేసి రుద్దుకుంటోంది. రాజ్యాన్ని చూడగానే గుర్తుపట్టి నవ్వింది. నోట్లోది తీసి చెయ్యి చాపింది.

"ఇంద."

గుండ్రటి చెక్కముక్క. మధ్యలో బెజ్జం. అంచుల్లో నీలం రంగు సగం లేచిపోయి, చిన్న చిన్న పంటిగాట్లు.

రాజ్యం దాన్ని అందుకోలేదు. అందుకుంటే, తర్వాత ఏం చెయ్యాలో కూడా తనే తేల్చుకోవాలి. నడుములో దాచినా, సి.ఐ. చేతిలో పెట్టినా, ఈ ఇంట్లోంచి ఒక మనిషి జైలుకి పోవడం ఖాయం. అందుకని గుమ్మంలోనే నిలబడిపోయింది.

లోపల్నుంచి తడిచేతులు తుడుచుకుంటూ జైతున్‌బీ వచ్చింది. రాజ్యం ముఖం చూసింది. రాజ్యం చూపు ఎక్కడుందో చూసింది.

"అదేంటమ్మా? పిల్ల ఆడుకునేదేగా?"

"ఇది లేకపోతే ఆ ప్లేటు పాడదు జైతున్."

జైతున్‌బీ గోడ పట్టుకుని కిందికి జారింది. ఏడవలేదు. చాలా రోజుల్నుంచి మోస్తున్నది దించుకున్నట్టు, నిదానంగా చెప్పుకుపోయింది.

"ఈయన కోపంలో ఆ ప్లేటు చొక్కాలో పెట్టుకుని పట్టుకొచ్చేశాడమ్మా. బియ్యం డబ్బా ఎనక పెట్టి, మళ్ళీ బండేసుకుని పోయాడు. దొంగ అంటారని నాకు భయమేసింది. ఎవరికీ తెలవకుండా ఇచ్చేసొద్దామని పోయా. తలుపు దగ్గరగా ఏసుంది. తాత పీటెక్కి బీరువా పైన ఎతుకుతున్నాడు, దానికోసమే. 'ఇదిగో తాతా' అన్నా. అంతేనమ్మా నేను చేసింది. గబుక్కున తిరిగాడు. పీట జారింది."

"కేకెయ్యలేదేం?"

"పొద్దున ఈధంతా ఇన్నారు గదా. నేనూ, నా చేతిలో ఆ ప్లేటూ... ఎవరు నమ్ముతారు? ఈయన షాపులో ఉన్నాడనుకున్నా. షాపంటే నలుగురూ వచ్చిపోతారు. ఈయన అక్కడుండంగా ఇక్కడ పాట ఇనపడితే, తాత అప్పటికి బాగానే ఉన్నాడనుకుంటారని... పిల్లని కింద దించా. ఈయన స్విచ్చెట్టా ఏస్తాడో చూశా గదా, ముల్లెట్టా పెడతాడో చూశా. అట్టాగే పెట్టా. పాడలేదమ్మా. ఎంత తిప్పినా కీచుమంటదే గానీ పాడదే. ఈ పిల్ల అప్పటికే మిషను మీదనుంచి ఆ ముక్క పీక్కుని నోట్లో పెట్టుకుంది. అదేంటో నాకేం తెలుసు? ఇంటికొచ్చాక లాక్కోబోతే గుక్కపట్టింది. పళ్ళొస్తన్నయి గదా, కొరుక్కుంటదిలే అని ఒదిలేశా."

అదీ శివరామకృష్ణ ప్రశ్నకి జవాబు. ఎవరూ పనిగట్టుకుని తీసుకుపోలేదు.

"తాతకి ఊపిరి ఉందో లేదో చూశావా?"

"కదిలించా. కదల్లేదు."

"ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూశావా అమ్మాయ్?"

"లేదు." జైతున్‌బీ మొదటిసారి తలెత్తింది. "ఎందుకమ్మా అట్టా అడుగుతున్నారు? పడంగానే పోయాడు కదా?"

రాజ్యం కిటికీ వైపు చూసింది.

"అమ్మా, పడంగానే పోయాడు కదా?"

గంటసేపు ప్రాణముందని ఎవరో ఒకరు ఈ అమ్మాయికి చెప్పాలి. ఇవాళ కాకపోతే రేపు కోర్టులో పదిమంది ముందు చెబుతారు. రాజ్యానికి ఒక పని మాత్రం చెయ్యగలనని అప్పటికి అనిపించింది. ఆ ముక్క ముందు ఇక్కడనుంచి పోవాలి. తర్వాత సంగతి తర్వాత. వంగి, పిల్ల వైపు చెయ్యి చాపింది.

అప్పుడే సందు మలుపులో బ్రేకులు కీచుమన్నాయి. ఎలీసమ్మ చెప్పిన చప్పుడే. రిపేరు పూర్తికాకుండానే తెచ్చేసినట్టున్నారు.

"షమా, ఇటివ్వమ్మా" అంది రాజ్యం. "ఇంద అను. నాకిచ్చెయ్యి తల్లీ."

ఇందాక ఇస్తే పుచ్చుకోని మనిషి. షమా ఆ ముక్కని ఛాతీకి హత్తుకుని మొండిగా తల అడ్డంగా ఊపింది. బూట్ల చప్పుడు అరుగెక్కింది. గుమ్మంలో వెలుతురు తగ్గింది. కొత్తమనిషిని చూసేసరికి పిల్ల కళ్ళు విప్పారాయి.

శివరామకృష్ణ లోపలికి వస్తూనే చాప మీద పిల్లని చూసి, గదిలో ఉన్న ఆడవాళ్ళిద్దర్నీ చూడకముందే, చిన్నపిల్లలున్న ఇంటి మనిషి చేసేట్టే, అలవాటుగా వంగి అరచెయ్యి చాపాడు.

"ఇంద" అంది షమా.

ఉమ్ముతో తడిసి, ఇంకా వెచ్చగా ఉన్న ఆ చెక్కముక్క ఆయన చేతిలో పడింది. ఆయన దాన్ని తిప్పి చూశాడు. బెజ్జం చూశాడు. నీలం రంగు చూశాడు. నెమ్మదిగా తలెత్తి రాజ్యం ముఖంలోకి చూశాడు.  ఆయన అనాల్సిన మాట, 'వాళ్ళే' అని, పొద్దుటే ఆవిడ అనేసింది.

ఇచ్చింది పుచ్చుకున్నందుకు షమా సంతోషంగా చప్పట్లు కొట్టింది.